తొలి నమూనా ఖర్చు ఎవరిది?

కనగానపల్లికి దగ్గర్లో సాగే 44వ జాతీయ రహదారి మీద ఉత్తరానికి పోతే హైదరాబాద్, దక్షిణానికి పోతే బెంగళూరు. హైదరాబాద్‌లో డీఆర్‌డీవో వారి క్షిపణి ప్రయోగశాలలు, భారత్ డైనమిక్స్, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని ఉన్నాయి. బెంగళూరులో యుద్ధవిమానాలు చేసే హెచ్‌ఏఎల్, రాడార్లు చేసే భారత్ ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి. దేశ రక్షణ పరిశోధనకు ఈ రెండు నగరాలూ పెద్ద దిక్కులు. వాటి నడుమ ఉన్న కనగానపల్లి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పిల్లలు ఇంజినీరింగో డిప్లొమానో పూర్తిచేసి ఏదో ఒక దిక్కుకు బస్సెక్కడం చాలా ఏళ్లుగా చూస్తున్నదే.

ఇప్పుడు ఆ పని ఈ నేల మీదికే వస్తోంది. గోరంట్ల మండలం పాలసముద్రంలో భారత్ ఎలక్ట్రానిక్స్‌కు 900 ఎకరాలకు పైగా భూమి దక్కింది. రక్షణ వ్యవస్థల విడిభాగాలను ఒకచోట కూర్చి, పరీక్షించే సముదాయం అక్కడ రావాలన్నది ప్రణాళిక. రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించిన వైమానిక, రక్షణ విధానం లేపాక్షి, మడకశిర ప్రాంతాన్ని ఈ రంగానికి ఒక కేంద్రంగా గుర్తించింది. భూమి, రోడ్డు, కరెంటు గురించి చర్చ చాలానే జరుగుతోంది. దానికంటే లోతైన ప్రశ్న ఒకటుంది. పది మంది ఇంజినీర్లు కలిసి పెట్టుకున్న చిన్న సంస్థకు సైన్యానికి పనికొచ్చే కొత్త ఆలోచన తడితే, దాన్ని చేసి చూడడానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలి? సర్కారు భరించాలంటే ఎంత, ఎప్పుడు, ఏ షరతు మీద?

ఒకే కొనుగోలుదారు ఉన్న సంత

ధర్మవరం మగ్గం మీద కొత్త డిజైన్ దిగాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపాలి. ఆ గళ్ల ప్రకారం అట్టలు కొట్టించాలి, వాటిని జకార్డుకు ఎక్కించాలి. మొదటి చీర దిగి, రంగు కుదిరిందో లేదో, అంచు నిలిచిందో లేదో తెలిసేసరికి చేతి డబ్బు చాలా పోయి ఉంటుంది. ఆ డిజైన్‌లో వందో చీరకు పడే ఖర్చు తక్కువే. భారమంతా మొదటిదాని మీదే. నేతగాడు ఒక్కడే ఆ భారం మోయలేడు కాబట్టి పెట్టుబడిదారు మోస్తాడు. బాగుంటే నలుగురు కొంటారన్న నమ్మకం అతనిది.

సైన్యం కోసం చేసే వస్తువుకు ఆ నలుగురు లేరు. కొనేది ఒక్క ప్రభుత్వమే. అది కొనకపోతే ఆ సరుకును ఇంకో అంగట్లో పెట్టి అమ్ముకోవడం కుదరదు. కొన్నా, ఆలోచన పుట్టిన రోజుకూ చెక్కు చేతికొచ్చే రోజుకూ మధ్య ఏళ్లు గడుస్తాయి. బ్యాంకు తాకట్టు అడుగుతుంది. ప్రైవేటు మదుపరి నాలుగేళ్లలో లాభం అడుగుతాడు. అందుకే ఈ రంగంలో చిన్న సంస్థ తొలి నమూనా దగ్గరే ఆగిపోతుంది. ఆలోచనలో లోపం ఉండి ఆగిందా, డబ్బు లేక ఆగిందా అన్నది కూడా ఎవరికీ తెలియదు. దేశానికి జరిగే అసలు నష్టం ఇదే. పనికిరాని ఆలోచన పోతే బాధ లేదు. పరీక్షే జరగకుండా పోయిన ఆలోచన మంచిదో కాదో తేలకుండానే పోతుంది.

బాలానగర్ నేర్పిన పాఠం

తెలుగు నేల మీద ఈ కథ స్టార్టప్ అన్న మాట రాకముందే మొదలైంది. 1970లో హైదరాబాద్‌లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని ఏర్పడ్డాయి. అదే 1970లో బాలానగర్‌లో యంత్రపరికరాలు బాగుచేసే పనితో ఎంటార్ సంస్థ మొదలైంది. క్రమంగా అణు, అంతరిక్ష, క్షిపణి రంగాలకు అత్యంత కచ్చితమైన భాగాలు చేసే స్థాయికి ఎదిగింది. 1982లో అబ్దుల్ కలాం డీఆర్‌డీవో క్షిపణి ప్రయోగశాల అయిన డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా హైదరాబాద్ వచ్చారు. మరుసటి ఏడాది సమీకృత క్షిపణి అభివృద్ధి కార్యక్రమానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. 1988లో పృథ్వి, 1989లో అగ్ని లేచాయి.

ఆ కార్యక్రమంలో ప్రయోగశాలలు అన్నీ తమ నాలుగు గోడల మధ్యే చేసుకోలేదు. భాగాల డ్రాయింగులు బయటి వర్క్‌షాపులకు వెళ్లాయి. మిల్లీమీటరులో వందో వంతు తేడా వస్తే భాగం వెనక్కి వచ్చేది. అలా వెనక్కి వచ్చిన ప్రతి భాగం ఆ వర్క్‌షాపుకు ఒక పాఠం. 1987లో సంపన్న దేశాలు కలిసి క్షిపణి సాంకేతికత ఎగుమతి మీద ఆంక్షలు పెట్టుకున్నాక బయటినుంచి కొన్ని పరికరాలు దొరకడం కష్టమైంది, స్థానిక చేతుల విలువ ఇంకా పెరిగింది. 1991లో డీఆర్‌డీవో అనుభవం ఉన్న శాస్త్రవేత్తలు బయటికి వచ్చి హైదరాబాద్‌లో ఆస్ట్రా మైక్రోవేవ్ స్థాపించారు. రాడార్లకు, ఉపగ్రహాలకు కావలసిన మైక్రోవేవ్ భాగాలు వారి సరుకు. 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ సైనిక శిక్షణకు సిమ్యులేటర్లు చేస్తూ, తర్వాత డ్రోన్లను అడ్డుకునే వ్యవస్థల్లోకి వచ్చింది. 2021లో భారత వైమానిక దళం నుంచి అలాంటి వ్యవస్థలకు 155 కోట్ల రూపాయల ఆర్డరు పొందింది.

ఈ సంస్థలు నిలవడానికి కారణం ఏదో పథకం కింద అందిన సొమ్ము ఒక్కటే కాదు. పక్కనే ప్రయోగశాల ఉంది. ఏం కావాలో కొలతల్లో చెప్పే శాస్త్రవేత్త ఉన్నాడు. చేసినదాన్ని పరీక్షించి, ఎక్కడ తప్పిందో చెప్పే బల్ల ఉంది. ఈ మూడూ నగరంలో ఉన్నవాడికే అందాయి. ఊరినుంచి వచ్చినవాడు నగరానికి చేరితేనే అందాయి.

అమెరికా వేసిన మూడు మెట్లు

చిన్న సంస్థల పరిశోధనకు సర్కారు సొమ్ము కేటాయించడాన్ని ఒక పద్ధతిగా మలిచింది అమెరికా. అక్కడి జాతీయ విజ్ఞాన ఫౌండేషన్‌లో పనిచేసిన రోలండ్ టిబెట్స్ అనే అధికారి 1977లో ఒక ప్రయోగాత్మక కార్యక్రమం నడిపారు. అది ఫలించడంతో 1982లో ఏకంగా చట్టమే వచ్చింది. పరిశోధనను బయటి సంస్థలకు ఏటా 10 కోట్ల డాలర్లకు మించి అప్పగించే ప్రతి ప్రభుత్వ విభాగమూ అందులో ఒక వాటాను చిన్న సంస్థలకే ఉంచాలన్నది దాని సారం. మొదట 0.2 శాతంతో మొదలైన వాటా పెరుగుతూ 3.2 శాతానికి చేరింది. అందులో పెద్ద వంతు రక్షణ శాఖదే.

టిబెట్స్ పద్ధతిలో తెలివి మెట్ల అమరికలో ఉంది. మొదటి మెట్టులో చిన్న మొత్తం ఇస్తారు. దానితో ఆ ఆలోచన శాస్త్రపరంగా సాధ్యమేనా అని కొద్ది నెలల్లో తేల్చాలి. తేలితే రెండో మెట్టు. అక్కడ పెద్ద మొత్తంతో నిజమైన నమూనా చేయాలి. మూడో మెట్టులో ఈ పథకం సొమ్ము ఉండదు. అక్కడ వస్తువును విభాగం కొనాలి, లేదా మార్కెట్టు కొనాలి. ఎక్కువమంది మొదటి మెట్టు మీదే ఆగిపోతారని తెలిసే ఈ అమరిక చేశారు. చిన్న ఖర్చుతో త్వరగా తేలిపోయిన వైఫల్యం పెద్ద ఖర్చుతో ఆలస్యంగా తేలేదానికన్నా ఎంతో మేలు. మొబైల్ ఫోన్ల చిప్‌లతో ప్రపంచమంతా తెలిసిన క్వాల్‌కామ్ కూడా తన తొలినాళ్లలో ఈ పథకం సాయం అందుకున్న చిన్న సంస్థే.

మన దేశపు ఏర్పాటు

మన దగ్గర ఇలాంటి ప్రయత్నానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి డీఆర్‌డీవో నడిపే సాంకేతికత అభివృద్ధి నిధి. 2016లో మొదలైన ఈ పథకంలో ఒక ప్రాజెక్టుకు మొదట 10 కోట్ల వరకు ఇచ్చేవారు. 2022లో ఆ పరిమితిని 50 కోట్లకు పెంచారు. ఖర్చులో 90 శాతం వరకు గ్రాంటుగా వస్తుంది.

రెండోది ఐడెక్స్. దీని వెనుక ఉన్న రక్షణ నవకల్పన సంస్థను 2017లో హెచ్‌ఏఎల్, భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి 100 కోట్ల మూలధనంతో నెలకొల్పాయి. పాలసముద్రంలో భూమి పొందిన భారత్ ఎలక్ట్రానిక్సే ఇందులో సగం పాలు పెట్టింది. 2018 ఏప్రిల్‌లో చెన్నైలో జరిగిన రక్షణ ప్రదర్శనలో ప్రధాని ఐడెక్స్‌ను ప్రారంభించారు. అదే ఏడాది ఆగస్టులో బెంగళూరులో 11 సమస్యలతో మొదటి విడత పోటీ ప్రకటించారు.

పద్ధతి ఇదీ. సైన్యం, నావికాదళం, వైమానిక దళం తమ అవసరాన్ని ఒక సమస్యగా రాసి బయటపెడతాయి. స్టార్టప్‌లు, చిన్న సంస్థలు, వ్యక్తిగత ఆవిష్కర్తలు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎంపికైనవారికి నమూనా చేయడానికి 1.5 కోట్ల వరకు గ్రాంటు వస్తుంది. సంస్థ కూడా అంతే వాటా పెట్టాలి. సొమ్ము ఒక్కసారిగా రాదు. అనుకున్న పని అనుకున్న దశకు చేరినప్పుడల్లా ఒక్కో వాయిదా వస్తుంది. కష్టమైన సమస్యలకు 10 కోట్ల వరకు ఇచ్చే ఐడెక్స్ ప్రైమ్ 2022లో వచ్చింది. మరింత లోతైన సాంకేతికతలకు 25 కోట్ల వరకు ఇచ్చే అదితి పథకం 2024 మార్చిలో వచ్చింది. 2025 ఫిబ్రవరి నాటికి ఐడెక్స్ కింద 549 సమస్యలు ప్రకటించారు, 430 ఒప్పందాలు కుదిరాయి.

సమస్యల జాబితా చూస్తే ఈ రంగం ఎంత విశాలమో తెలుస్తుంది. బెంగళూరు సంస్థ క్యూను ల్యాబ్స్ కాంతికణాల సాయంతో రహస్య సంకేత తాళాలను 150 కిలోమీటర్ల దూరం పంపే పద్ధతిని సైన్యం కోసం అభివృద్ధి చేసింది. మధ్యలో ఎవరైనా ఆ కణాలను తాకి చూస్తే వాటి స్థితి మారిపోతుంది, దొంగతనం అక్కడికక్కడే బయటపడుతుంది. విశాఖపట్నం సంస్థ సైఫ్ ఆటోమేషన్ నీళ్లలో పడినవారి దగ్గరికి దూరంనుంచి నడిపించగల రక్షక తెప్పను తయారుచేసింది. సైనిక సాంకేతికత అంటే పేలేది మాత్రమే కాదని ఈ రెండూ చెబుతాయి.

పలచని గాలిలో పంకా

ఇలాంటి ఒక సమస్య చిన్న సంస్థ చేతిలో ఎలా నలుగుతుందో దగ్గరినుంచి చూద్దాం. సముద్రమట్టానికి 5,000 మీటర్ల ఎత్తున ఉన్న శిఖరం మీది కాపలా చౌకీకి మందులు, బ్యాటరీలు మోసుకెళ్లే డ్రోన్ కావాలని సైన్యం అడిగిందనుకుందాం. మన మైదానంలో చక్కగా ఎగిరే డ్రోన్ అక్కడ ఎందుకు పనిచేయదు?

డ్రోన్ పంకా గాలిని కిందికి నెడుతుంది, ఆ నెట్టుడుకు ప్రతిగా డ్రోన్ పైకి లేస్తుంది. నెట్టడానికి గాలి ఉండాలి. సముద్రమట్టం దగ్గర ఒక ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.22 కిలోలు. 5,000 మీటర్ల ఎత్తున అది 0.74 కిలోలు, అంటే దాదాపు 60 శాతం. రామగిరి కొండల మీది గాలిమర గాలినుంచి శక్తి తీసుకుంటుంది, డ్రోన్ పంకా గాలికి శక్తి ఇస్తుంది. రెండింటి లెక్కలోనూ గాలి సాంద్రత ఉంటుంది.

పంకా ఇచ్చే ఎత్తుడు బలం గాలి సాంద్రతను బట్టీ, తిరిగే వేగపు వర్గాన్ని బట్టీ మారుతుంది. సాంద్రత 60 శాతానికి పడిపోతే, అదే బరువు మోయడానికి పంకా సుమారు 29 శాతం ఎక్కువ వేగంతో తిరగాలి. గాలిలో నిలబడడానికి కావలసిన విద్యుత్తు కూడా అంతే వంతు పెరుగుతుంది. కింద 40 నిమిషాలు ఎగిరే డ్రోన్ ఈ ఒక్క కారణంతోనే పైన 31 నిమిషాలకు దిగిపోతుంది. ఆపైన చలి. సున్నాకు కింద 20 డిగ్రీల దగ్గర లిథియం బ్యాటరీలోపలి అయాన్ల కదలిక మందగిస్తుంది, నిండా ఛార్జి చేసినా అందులో కొంత బయటికి రాదు. మోటారు ఎక్కువ పనిచేస్తుంది కాబట్టి ఎక్కువ వేడెక్కుతుంది. ఆ వేడిని తీసుకుపోవాల్సిన గాలేమో పలచన.

పంకా వ్యాసాన్ని 29 శాతం పెంచితే విద్యుత్తు ఖర్చు మళ్లీ మామూలుకు వస్తుంది. కానీ పొడవైన రెక్కకు పొడవైన చేయి కావాలి, చేయి పొడవైతే బరువు పెరుగుతుంది, వణుకు పెరుగుతుంది, జవాను వీపు సంచిలో పట్టదు. ఒకచోట లాభం ఇంకోచోట నష్టంగా తేలే ఈ లెక్కను కాగితం మీద కొంతవరకే తేల్చగలం. మిగిలింది చేసి చూడాల్సిందే. ఒక రెక్క చెక్కి, తూకం మీద పెట్టి తిప్పి, విరిగితే మళ్లీ చెక్కాలి. ప్రతి విరుపుకూ ఖర్చు ఉంటుంది. చిన్న సంస్థకు గ్రాంటు అసలు ఉపయోగపడేది ఈ విరుపుల దగ్గరే.

శత్రువు డ్రోన్‌ను కనిపెట్టడం దీనికి తిరగేసిన సమస్య. రాడార్ పంపిన తరంగం వెళ్లేటప్పుడూ పలచబడుతుంది, తిరిగి వచ్చేటప్పుడూ పలచబడుతుంది. అందువల్ల అందే ప్రతిధ్వని దూరపు నాలుగో ఘాతం చొప్పున తగ్గుతుంది. చూపు రెట్టింపు దూరం పోవాలంటే 16 రెట్లు శక్తి కావాలి. రాడార్‌కు ఒక చదరపు మీటరుగా కనిపించే విమానాన్ని 30 కిలోమీటర్ల నుంచి పసిగట్టగల రాడార్, దానిలో వందో వంతుగా కనిపించే చిన్న డ్రోన్‌ను తొమ్మిదిన్నర కిలోమీటర్లకు వచ్చేదాకా గుర్తించలేదు. ఆ సైజులో కొంగ కూడా ఉంటుంది, గద్ద కూడా ఉంటుంది. తిరుగుతున్న పంకా ప్రతిధ్వని పౌనఃపున్యంలో తెచ్చే సన్నని అదురును పట్టుకుంటే పక్షినీ డ్రోన్‌నూ వేరుచేయవచ్చు. ఇందుకు కావలసినది భారీ కర్మాగారం కాదు. గణితం బాగా తెలిసిన నలుగురు, మంచి గ్రాహకం, వేల గంటల నిజమైన రికార్డింగులు. చిన్న సంస్థ పెద్ద సంస్థతో సమానంగా నిలబడగల చోటు ఇదే.

పరీక్ష బల్ల ఎక్కడుంది?

నమూనా చేయడం సగం పనే. సైన్యం దాన్ని నమ్మాలంటే పరీక్షలు నెగ్గాలి. మన సైనిక ఎలక్ట్రానిక్ పరికరాలకు జేఎస్ఎస్ 55555 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం పరికరాన్ని గడ్డకట్టే చలిలో పెడతారు, మండే వేడిలో పెడతారు, దుమ్ములో ఊదుతారు, ఉప్పుపొగలో నానబెడతారు, కంపించే బల్ల మీద గంటల తరబడి అదరగొడతారు. పక్క పరికరాల విద్యుదయస్కాంత రొదలో అది చెదరకుండా పనిచేస్తుందో లేదో, తానే రొద చేసి వాటిని చెడగొడుతుందేమో చూస్తారు. ఈ యంత్రాలు కోట్ల రూపాయల ఖరీదు. ఏ చిన్న సంస్థా సొంతంగా కొనుక్కోలేదు.

కేంద్ర ప్రభుత్వం 2020లో 400 కోట్లతో రక్షణ పరీక్షా సదుపాయాల పథకం తెచ్చింది. ఖర్చులో 75 శాతం వరకు సర్కారు గ్రాంటుగా ఇచ్చేలా, మిగిలింది పరిశ్రమలూ రాష్ట్రమూ పెట్టుకునేలా దాన్ని రూపొందించారు. ఆ సదుపాయాలు రక్షణ కారిడార్లున్న ఉత్తర్‌ప్రదేశ్, తమిళనాడులకు ముందుగా దక్కాయి.

రాయలసీమకు ఈ విషయంలో ఒక గట్టి ఆసరా ఉంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలో డీఆర్‌డీవో వారి బహిరంగ ప్రయోగ క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ 30 కిలోవాట్ల లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చి చూపారు. ఆ వ్యవస్థ రూపకల్పనకు నాయకత్వం వహించింది హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఛెస్. అదే ఏడాది జులైలో అక్కడే డ్రోన్ నుంచి ప్రయోగించే చిన్న క్షిపణిని పరీక్షించారు. ఆ క్షిపణిని మోసిన డ్రోన్ బెంగళూరు స్టార్టప్ న్యూస్పేస్ రీసెర్చ్ తయారుచేసింది. ఆ ప్రయత్నంలో 30 దాకా చిన్న, మధ్యతరహా సంస్థలు, స్టార్టప్‌లు పాలుపంచుకున్నాయి. వాన తక్కువ, ఆకాశం తేట, జనం పలచన. కరువు సీమ అనిపించిన లక్షణాలే ప్రయోగ క్షేత్రానికి పనికివచ్చాయి. అనంతపురం, సత్యసాయి జిల్లాల సంస్థలకు ఆ క్షేత్రం ఎంత సులువుగా అందుబాటులోకి వస్తుందన్నది ఇక్కడి భవిష్యత్తును చాలావరకు తేలుస్తుంది.

సొమ్ము ఏ దశలో పనిచేస్తుంది?

సర్కారు గ్రాంటు నిజంగా పనిచేస్తుందా? ఈ ప్రశ్నను సబ్రీనా హోవెల్ అనే ఆర్థికవేత్త అమెరికా ఇంధన శాఖ లెక్కలతో పరిశీలించారు. ఎంపిక గీతకు కాస్త పైన ఉండి గ్రాంటు పొందిన సంస్థలనూ, కాస్త కింద ఉండి పొందనివాటినీ పోల్చారు. రెంటి సత్తా దాదాపు సమానం కాబట్టి తేడా ఏదైనా గ్రాంటు వల్లే అనుకోవచ్చు. 2017లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం మొదటి మెట్టు గ్రాంటు పొందిన సంస్థకు తర్వాత ప్రైవేటు పెట్టుబడి దొరికే అవకాశం దాదాపు రెట్టింపైంది. రెండో మెట్టులో ఇచ్చిన పెద్ద మొత్తాలకు అంత ప్రభావం కనపడలేదు. ఎంపికైందన్న పేరు చూసి మదుపరులు వచ్చారనడానికి ఆధారం దొరకలేదు. ఆ కొద్ది సొమ్ముతో నమూనా చేసి చూపగలగడమే వారిని రప్పించింది.

ఆమె తన సహచరులతో కలిసి అమెరికా వైమానిక దళం లెక్కలనూ చూశారు. ఆ దళం 2018 నుంచి రెండు రకాల పోటీలు నడుపుతోంది. ఒకదానిలో సమస్యను సన్నని వివరాలతో దళమే నిర్దేశిస్తుంది. రెండోదానిలో మీ దగ్గర మాకు పనికొచ్చేది ఏముందో మీరే చెప్పండని తలుపు తెరిచి పెడుతుంది. తలుపు తెరిచిన పోటీలు కొత్త, వయసులో చిన్నవైన సంస్థలను తెచ్చాయి. వాటికి తర్వాత ప్రైవేటు పెట్టుబడి, సైనిక కాంట్రాక్టులు దొరికే అవకాశం పెరిగింది. నిర్దేశించిన పోటీల్లో అలాంటి ఫలితం కనపడలేదు. అక్కడ ఏళ్ల తరబడి గ్రాంట్ల మీదే బతికే సంస్థలే మళ్లీ మళ్లీ గెలుస్తూ వచ్చాయి.

మన ఐడెక్స్‌లోనూ నిర్దేశించిన సమస్యలూ ఉన్నాయి, బహిరంగ పోటీ కూడా ఉంది. ఈ రెండో తలుపును ఇంకా వెడల్పు చేయాలన్నది ఈ పరిశోధనల నుంచి మనం తీసుకోదగ్గ పాఠం. సైన్యానికి ఏం కావాలో దానికి తెలుసు. ఏది సాధ్యమో దానికి ఎప్పుడూ తెలియకపోవచ్చు.

చివరి మెట్టు కొనుగోలు. 2020 నాటి రక్షణ కొనుగోలు విధానంలో ఐడెక్స్ వస్తువులకు ప్రత్యేక మార్గం పెట్టారు. 2025 ఆరంభానికి 43 వస్తువులు, 2,400 కోట్లకు పైగా విలువైనవి, కొనుగోలుకు అనుమతి పొందాయి. 430 ఒప్పందాల పక్కన 43 చిన్న సంఖ్యలా అనిపించవచ్చు. పరిశోధనలో అది సిగ్గుపడాల్సిన నిష్పత్తి కాదు. కష్టమంతా సమయం దగ్గర ఉంది. నమూనా నెగ్గాక ఆర్డరు రావడానికి పట్టే ప్రతి నెలా చిన్న సంస్థ జీతాలు ఇవ్వాలి. పెద్ద సంస్థ ఆ కాలాన్ని ఓర్చుకుంటుంది. చిన్నది నెగ్గిన వస్తువును చేతిలో పెట్టుకునే మూతపడవచ్చు. నిర్ణయం ‘కాదు’ అయినా సరే, గడువులోగా చెప్పడం గ్రాంటుతో సమానమైన సాయం.

ఈ ఖర్చు న్యాయమేనా?

వాన కోసం ఎదురుచూసే వేరుశనగ రైతు కట్టిన పన్నులోంచి ఆయుధాల పరిశోధనకు డబ్బు పోవడం న్యాయమా అని అడిగే హక్కు కనగానపల్లి మనిషికి ఉంది. ఆ ప్రశ్నను పక్కన పెట్టకూడదు. సరిహద్దు కాపలా తప్పదు, పరాయి దేశం ఎగుమతి ఆపేస్తే ఆగిపోయే రక్షణ రక్షణ కాదు. ఇది సమాధానంలో ఒక సగం. రెండో సగం హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో దొరుకుతుంది. అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి మిశ్రమ పదార్థంతో కలాం బృందం పోలియో సోకిన పిల్లలకు కాలి ఊతాలు చేసింది. మూడు కిలోలకు పైగా బరువున్న ఊతం 300 గ్రాములకు దిగింది. పిల్లలు ఆ ఊతాలతో నడిచారు. పదార్థం గురించిన జ్ఞానానికి హద్దు గోడలు ఉండవు. చలిలో ఆగని బ్యాటరీ, పలచని గాలిలో ఎగిరే డ్రోన్, నీళ్లలో పడిన మనిషి దగ్గరికి చేరే తెప్ప కొండ ఊళ్లకూ వరద ఊళ్లకూ కూడా కావాలి. అందుకే సర్కారు సొమ్ముతో పుట్టిన ప్రతి నమూనాకూ పౌర ఉపయోగం ఏమిటని మొదటి రోజే అడగాలి, రహస్యం కాని ఫలితాన్ని బయటపెట్టాలి.

ఇంకో బాధ్యత కూడా ఉంది. యంత్రం తనంతట తాను గురి ఎంచుకునే రోజులు వచ్చాయి. ప్రాణం తీసే నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలన్న షరతును నమూనా దశలోనే రాసుకోవాలి. వస్తువు తయారయ్యాక రాసిన షరతుకు బలం ఉండదు.

ఇక్కడ ఏం జరగాలి?

ఈ ప్రాంతం ఖాళీ చేతులతో లేదు. అనంతపురంలోని ఇంజినీరింగ్ కళాశాల 1946 నాటిది, ఇప్పుడది జేఎన్‌టీయూలో భాగం. పెనుకొండ దగ్గర యర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఆ కర్మాగారానికి భాగాలు అందించే సంస్థలు సన్నని కొలతల క్రమశిక్షణ నేర్చుకున్నాయి. హిందూపురం పక్కన తూమకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడల్లో లోహపు పని తెలిసిన చేతులు ఉన్నాయి. 2025లో మొదలైన రతన్ టాటా ఆవిష్కరణ కేంద్రానికి అనంతపురంలో శాఖ ఏర్పాటైంది.

లేనిది ప్రయోగశాల, శాస్త్రవేత్త, పరీక్ష బల్ల అనే, బాలానగర్‌కు ఉన్న ఆ మూడింటి కలయిక. అందుకు మూడు పనులు జరగాలి. మొదటిది, హిందూపురానికీ అనంతపురానికీ మధ్య ఎక్కడైనా ఒక ఉమ్మడి పరీక్షా కేంద్రం కావాలి. చలిగది, దుమ్ముగది, కంపన బల్ల, విద్యుదయస్కాంత పరీక్షగది ఉంటే చాలు. గంటకు ఇంత అని అద్దె కట్టి ఎవరైనా వాడుకునేలా ఉండాలి. పాలసముద్రం లాంటి పెద్ద సముదాయాలకు భూమి ఇచ్చేటప్పుడే వాటి పరీక్షశాలల్లో వారానికి ఒక రోజు చుట్టుపక్కల చిన్న సంస్థలకు కేటాయించాలన్న షరతు పెట్టవచ్చు. రెండోది, రక్షణ సమస్యల ప్రకటనలు తెలుగులో రావాలి, వాటిని వివరించే ఇంజినీరు కళాశాలలకు, ఐటీఐలకు వెళ్లాలి. రెక్క చెక్కడంలో, మొండికేసిన మోటారు బాగుచేయడంలో గట్టివాడైన మెకానిక్కుకు ఇంగ్లీషు దరఖాస్తు అడ్డు కాకూడదు. మూడోది, రాష్ట్రం తన వంతుగా కొద్ది లక్షల రూపాయల తొలి గ్రాంట్లు చాలా మందికి ఇవ్వాలి, ఎక్కువమంది విఫలమవుతారని ముందే ఒప్పుకుని ఇవ్వాలి. ఆరు నెలల్లో చేసి చూపాలన్న ఒక్క షరతు చాలు. విఫలమైనవారు ఎందుకు విఫలమయ్యారో రాసి ఇస్తే, ఆ కాగితం తర్వాత వచ్చేవారికి పెట్టుబడి అవుతుంది.

ఐడెక్స్‌లో సంస్థ కూడా సగం వాటా పెట్టాలన్న నియమం నగరపు స్టార్టప్‌కు మోయగలిగిన బరువు. రైతు కుటుంబం నుంచి వచ్చిన ఇంజినీరుకు అది తలుపు మూయడంతో సమానం. యంత్రాల వాడకాన్నీ పనిగంటలనూ ఆ వాటాలో ఉదారంగా లెక్కకట్టాలి, మిగిలిన కొంతైనా రాష్ట్రం భరించాలి.

కర్మాగారం వస్తే ఉద్యోగాలు వస్తాయి. అది మంచిదే. పరీక్ష బల్ల వస్తే సొంత ఆలోచనను నిజమో కాదో తేల్చుకునే అవకాశం వస్తుంది, ఉద్యోగాలు పుట్టించేవాళ్లు అక్కడినుంచే లేస్తారు. తొలి నమూనా ఖర్చు దేశానిది. ఆ ఖర్చు హైదరాబాద్, బెంగళూరు దాటి పెనుకొండ కొండల దాకా రావాలి. కనగానపల్లి నుంచి ఒక అమ్మాయి తాను చేసిన పంకాను తీసుకుని ఉదయం బయలుదేరి, పరీక్ష చేయించుకుని, సాయంత్రానికి ఫలితంతో ఇంటికి చేరగలిగితే ఈ ప్రాంతానికి రక్షణ పరిశోధన నిజంగా వచ్చినట్టు.